తగరమా, సీసమా? పరమాణువు చెప్పే సాక్ష్యం

తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతాల తెలుగు యిళ్ళలో చారు కాచే చెంబుకు వున్న గౌరవం యింతా అంతా కాదు. రాగి వచ్చింది, యిత్తడి వచ్చింది, స్టెయిన్‌లెస్ స్టీలు వచ్చింది. ఎన్ని వచ్చినా చారుకు మాత్రం ఈయచ్చెంబే వుండాలనే పెద్దలు నేటికీ వున్నారు. ఖాళీ చెంబును మంట మీద పెడితే కరిగి కూర్చుంటుందనీ, నీళ్ళు పోసిన తరువాతనే పొయ్యి యెక్కించాలనీ కొత్త కోడలికి చెప్పే మొదటి పాఠం. ఆ చెంబులో కాచిన చారుకు వచ్చే రుచి మరి దేనికీ రాదని వారి నమ్మకం. ఆ నమ్మకాన్ని మేము కాదనబోము. కాని ఆ చెంబు పేరులోనే వొక చిక్కు వున్నది. ఆ చిక్కు విప్పబోతే అది మనలను వంటింటి నుంచి ప్రయోగశాలకూ, అక్కడి నుంచి మన శరీరంలోని అతి చిన్న గది అయిన జీవకణానికీ తీసుకొనిపోతుంది. పాఠకులు ఓపికతో మా వెంట రావలసిందిగా కోరుతున్నాము.

తెలుగులో తగరం వేరు, సీసం వేరు. తమిళంలో రెంటికీ కలిపి ఈయం అనే మాట వాడుకలో వున్నది. విడమరచి చెప్పేటప్పుడు తగరాన్ని వెళ్ళీయమనీ, సీసాన్ని కారీయమనీ అంటారు. తిరుత్తణి 1960 ఏప్రిల్ 1వ తేదీన చిత్తూరు జిల్లా నుంచి విడిపోయి మద్రాసు రాష్ట్రంలో చేరింది. తిరువళ్ళూరు మొదటి నుంచీ అటే. ఇటువంటి చోట రెండు భాషలూ వొకే యింట్లో కాపురం చేస్తాయి. అట్లా మన యిళ్ళలో తగరమూ సీసమూ వెనుకబడి ఈయమొక్కటే నిలిచింది. మాటలో తేడా పోతే నష్టం లేదు. కడుపులోకి పోయిన తరువాత మాత్రం ఆ తేడా ప్రాణం మీదికి తెస్తుంది. తగరం కొద్దిగా పులుసులోకి దిగినా శరీరం దానిని చాలావరకు వెలికి పంపివేస్తుంది. సీసం అట్లా కాదు. రక్తంలో చేరుతుంది, యెముకలలో పదుల యేండ్లు దాగి వుంటుంది, పసిపిల్లల మెదడును మొద్దుబారుస్తుంది. పెద్దవాళ్ళు మింగిన సీసంలో సుమారు పదోవంతు వొంటికి పడితే, చిన్నపిల్లలలో అది సగం దాకా పోవచ్చును. ఇంత వరకు అయితే ప్రమాదం లేదు అని గీత గీయగల హద్దు సీసానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది.

పాత్ర అమ్మేవాడు మంచి తగరమే అంటాడు. మనం నమ్ముతాము. తగరం ధర సీసం ధరకు యెన్నో రెట్లు. కాబట్టి కల్తీకి ఆశపడేవాడు యెప్పుడూ వుంటాడు. మన పెద్దలకు కొన్ని గుర్తులు తెలుసును. సీసం బరువు, కాగితం మీద రాస్తే నల్లని గీత పడుతుంది. తగరపు కడ్డీని వంచితే కిర్రుమని వొక సన్నని చప్పుడు చేస్తుంది. ఈ గుర్తులు శుద్ధమైన లోహానికే పనికివస్తాయి. నూటికి అయిదు పాళ్ళు సీసం కలిపిన తగరాన్ని చేత్తో పట్టి, చెవితో విని కనిపెట్టడం యెవరి తరమూ కాదు. అందుకు లోహమే స్వయంగా సాక్ష్యం చెప్పాలి.

వెలుగులో వ్రాసిన పేరు

దీపావళినాడు మతాబుల వెలుగు చూడని వారెవరు? ఎర్రని వెలుగు స్ట్రాన్షియంది, పచ్చని వెలుగు బేరియంది. పొయ్యి మంటలో చిటికెడు వుప్పు పడితే పసుపుపచ్చని మంట లేస్తుంది, అది సోడియంది. ప్రతి మూలకానికీ తన వెలుగు తనకు వున్నది. జర్మనీ దేశంలో బున్‌సెన్, కిర్కాఫ్ అనే యిద్దరు శాస్త్రజ్ఞులు 1859, 1860 సంవత్సరాలలో యీ సంగతిని శాస్త్రంగా నిలబెట్టారు. మంట వెలుగును గాజు పట్టకం గుండా పంపితే మూలకానికొక తీరున సన్నని రంగు గీతలు పడతాయి. ఆ గీతలను బట్టి మంటలో యేమున్నదో చెప్పవచ్చును. ఒక వూట నీటిలో వారికి యెవరికీ తెలియని నీలి గీతలు కనిపించాయి. సుమారు నలభై టన్నుల నీటిని యిగిర్చి చూస్తే చేతికి వచ్చిన కొత్త లోహపు లవణం కొద్ది గ్రాములే. ఆ లోహానికే సీజియం అని పేరు. గోరంతలో గోరంత వున్నదానిని వెలుగు పట్టి యివ్వడం అప్పుడే మొదలయింది.

ఈ విద్యలో మన తెలుగుగడ్డకూ వొక పుట వున్నది. 1868 ఆగస్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణం గుంటూరు, మచిలీపట్నాల మీదుగా పోయింది. ఫ్రాన్సు నుంచి జాన్సెన్ అనే ఆయన గుంటూరుకు వచ్చి సూర్యుని అంచున లేచే జ్వాలల వెలుగును పట్టకంతో పరిశీలించాడు. మద్రాసు వేధశాల నుంచి పోగ్సన్ మచిలీపట్నంలో పరిశీలించాడు. జ్వాలలు వేడి వాయువులేనని, వాటిలో హైడ్రోజను వున్నదని తేలింది. ఆ గ్రహణ పరిశీలనలలోనే కనిపించిన వొక పసుపు గీత సోడియం గీతతో సరిపోలేదు. అదే సంవత్సరం ఇంగ్లండులో లాకియర్ కూడా ఆ గీతనే చూచి, అది కొత్త మూలకానిదని గుర్తించాడు. దానికే హీలియం అని పేరు వచ్చింది. భూమి మీద ఆ మూలకం దొరకడానికి 1895 దాకా ఆగవలసి వచ్చింది. తొమ్మిది కోట్ల మైళ్ళ దూరంలో వున్నదాని పేరు చెప్పగలిగిన వెలుగు, చారు చెంబులో వున్నదాని పేరు చెప్పలేదా?

పేరు చెప్పడమే కాదు, యెంత వున్నదో లెక్క కూడా చెప్పాలి. ఆ మార్గం 1955లో ఆస్ట్రేలియాలో ఆలన్ వాల్ష్ చూపాడు. ఆయన ఆలోచన చాలా సులువైనది. శ్రుతి కలిపిన రెండు తంబురాలను పక్కపక్కన వుంచి వొకదానిని మీటితే, రెండవదానిలో అదే శ్రుతి గల తీగ తనంత తాను కదులుతుంది. తక్కిన తీగలు కదలవు. పరమాణువులూ అంతే. సీసపు దీపం నుంచి వచ్చే వెలుగును సీసపు పరమాణువు మాత్రమే పీల్చుకొంటుంది. తగరమూ, జింకూ ఆ వెలుగుకు అడ్డురావు. కాబట్టి పరీక్షించవలసిన ద్రవాన్ని తుంపరగా చేసి మంటలోకి పంపి, ఆ మంట గుండా సీసపు దీపం వెలుగు పోనిచ్చి, అవతల యెంత వెలుగు తగ్గిందో కొలిస్తే చాలును. ఎంత తగ్గితే అంత సీసం. మన కంటికి ఆ వెలుగు కనిపించదు. సీసానికి 283.3 నానోమీటర్లు, జింకుకు 213.9 నానోమీటర్లు, అంటే వూదారంగుకు అవతలి వెలుగు. యంత్రపు కన్ను దానిని చూస్తుంది.

తరువాత రష్యాలో ల్వోవ్ అనే శాస్త్రజ్ఞుడు మంటకు బదులు చిన్న గ్రాఫైటు గొట్టాన్ని వాడే పద్ధతి తెచ్చాడు. అందులో మైక్రోలీటర్ల లెక్కన వొకటి రెండు చుక్కలు వేసి, విద్యుత్తుతో రెండు వేల డిగ్రీలకు పైగా కాలిస్తే, మంటకు అందని సూక్ష్మమైన మొత్తాలూ కొలతకు అందుతాయి. 1980 తరువాత మరొక యంత్రం వచ్చింది. అది ఆర్గాన్ వాయువును కొన్ని వేల డిగ్రీల వేడి గల ప్లాస్మాగా మార్చి, అందులో పరమాణువులను విద్యుదావేశం గల కణికలుగా చేసి, వెలుగుతో కాక బరువును బట్టి వేరుచేసి లెక్కపెడుతుంది. ఒక్కసారిగా పదుల మూలకాలను కొలవడం దానికి వీలు. ఈనాడు పెద్ద ప్రయోగశాలలలో యీ మూడూ వాడుకలో వున్నాయి.

పూండి చెరువులో ఒక బస్తా

ఈ యంత్రాలు చెప్పే కొలతలు మన తులాలకూ మాసాలకూ అందవు. వందకోట్లలో వొక వంతు అనే మాట తరచుగా వినబడుతుంది. అది యెంతో వూహించడానికి మన వూరి పక్కనే వున్న పూండి జలాశయాన్ని తీసుకొందాము. 1944లో కట్టిన ఆ జలాశయానికి సత్యమూర్తి సాగరమని పేరు. కృష్ణానది నీరు తెలుగుగంగ కాలువ ద్వారా వూత్తుకోట మీదుగా వచ్చి అందులోనే చేరుతుంది. నిండితే సుమారు 3.2 టి.ఎం.సి., అంటే తొమ్మిది వేల కోట్ల లీటర్లకు పైగా నీరు. అంత నీటిలోనూ సమానంగా కలిసిపోయేటట్లు తొంభై కిలోల సీసం కరిగించగలిగితే, అది వందకోట్లలో వొక వంతు. ధాన్యం బస్తా కంటే కాస్త బరువు. తాగే నీటిలో వుండదగిన సీసానికి మన దేశంలో పెట్టిన హద్దు లీటరుకు 0.01 మిల్లీగ్రాము, అంటే వందకోట్లలో పది వంతులు. నిండు పూండికి పది బస్తాలన్నమాట. ఒక గ్లాసుడు నీళ్ళు తీసి అందులో నుంచి రెండు చుక్కలు యిస్తే, యంత్రం ఆ బస్తాలను లెక్కపెట్టి చెప్పగలదు.

పాత్రను పరీక్షించే పద్ధతి కూడా పెద్ద రహస్యమేమీ కాదు. పింగాణీ పాత్రలకు లోకమంతా వాడే పరీక్ష వొకటి వున్నది. నూటికి నాలుగు పాళ్ళ ఎసిటిక్ ఆమ్లం, అంటే పలుచని వెనిగరు వంటిది, పాత్రలో పోసి 24 గంటలు వుంచి, ఆ ద్రవంలో యెంత సీసం దిగిందో పైన చెప్పిన యంత్రంతో కొలుస్తారు. చింతపండు పులుసు లోహానికి చేసేదీ యిదే పని. కళాయి పోయిన యిత్తడి గిన్నెలో పులుసు పెడితే చిలుము దిగుతుందని తెలిసి, మన వాళ్ళు నవాసాగరం చల్లి తగరపు పూత వేయించుకొన్నది అందుకే. పులుపు లోహాన్ని లాగుతుందని మన వంటింటికి యేనాడో తెలుసును. ఎంత లాగుతుందో మాత్రమే తెలియదు.

గాజు బుడ్డిలో ప్రాణం

ఇక్కడ వొక ప్రశ్న. చారులో యింత సీసం వున్నదని తెలిసింది. బాగున్నది. అందులో పేగు లోపలికి పోయేదెంత? పోయినది కణంలో యేమి చేస్తుంది? ఈ ప్రశ్నలకు జవాబు చెంబులో లేదు, కణంలో వున్నది. మనుషులకు విషం పెట్టి చూడలేము గదా. అందుకని శాస్త్రజ్ఞులు కణాలను శరీరం వెలుపల పెంచి వాటినే అడుగుతారు.

కణాలను పెంచడమంటే నారుమడి వేసినట్లే. చక్కెర, లవణాలు, విటమినులు, దూడ రక్తపు సీరమూ కలిపిన ద్రవంలో, 37 డిగ్రీల వెచ్చదనంలో, నూటికి అయిదు పాళ్ళు బొగ్గుపులుసు వాయువు గల పెట్టెలో కణాలు బుడ్డి అడుగున అంటుకొని పెరుగుతాయి. పేగు సంగతులు తెలుసుకోవడానికి లోకమంతా వాడే కణాలకు కాకో-2 అని పేరు. 1970లలో అమెరికాలో వొక రోగి పెద్దపేగు పుట్టు నుంచి తీసిన కణాల సంతతి అవి. చిత్రమేమంటే, వాటిని మూడు వారాలు కదపకుండా వుంచితే చిన్నపేగు లోపలి పొర కణాలలాగా మారి, పైన సన్నని నూగు కూడా వేస్తాయి. అప్పుడు వాటి మీద యినుమో జింకో కలిపిన ద్రవం పోసి, లోపలికి యెంత పోయిందో కొలవవచ్చును.

కొలవవలసిన మొత్తం యెంత? మనిషి వొంటిలో వున్న యినుము మొత్తం మూడు నాలుగు గ్రాములు. జింకు రెండు మూడు గ్రాములు, అంటే యించుమించు పావు తులం. రాగి గ్రాములో పదోవంతు. ఇది మనిషికి లెక్క. బుడ్డిలో పెరిగిన పది లక్షల కణాలను పోగుచేస్తే వాటిలోని జింకు కొన్ని పదుల నానోగ్రాములకు మించదు. నానోగ్రామంటే గ్రాములో వందకోట్ల వంతు. చీర మడతలో దాగిన ధూళిరేణువులో కూడా అంత జింకు వుండవచ్చును. అసలు కష్టం యిక్కడే మొదలవుతుంది.

ప్రయోగశాల మడి

పూర్వం మన యిళ్ళలో మడి పాటించేవారు. తడిగుడ్డ ఆరవేసిన తీగను కూడా యెవరూ ముట్టరాదు. ఆ ఆచారంలోని మంచిచెడ్డలు యిక్కడ మా విషయం కాదు. సూక్ష్మలోహాలు కొలిచే ప్రయోగశాలలో అంతకంటే కఠినమైన మడి వున్నదని చెప్పడమే మా వుద్దేశం. అక్కడ వంటకు ముందు పాత్రలను నైట్రిక్ ఆమ్లంలో రాత్రంతా నానబెడతారు. గాజు పనికిరాదు, అది లోహాలను పీల్చుకొంటుంది, వదులుతుంది కూడా. రబ్బరు మూత పనికిరాదు, అందులో జింకు వుంటుంది. పొడి చల్లిన చేతి తొడుగు పనికిరాదు. చెమట, తలవెండ్రుక, గోడ సున్నం అన్నీ అంటే.

కణాలను తీసుకొని ముందు లెక్కపెడతారు. తరువాత పైన అంటుకొని వున్న లోహం పోయేటట్లు చల్లని వుప్పుద్రవంతో, లోహాన్ని పట్టుకొనే మందు కలిపిన ద్రవంతో కడుగుతారు. కడగకపోతే గుమ్మం బయట నిలబడిన వాడిని కూడా యింట్లో మనిషిగా లెక్కవేసినట్లు అవుతుంది. మరీ యెక్కువగా కడిగితే కణం చిట్లి లోపలిది కారిపోతుంది. ఆ తరువాత అతి శుద్ధమైన నైట్రిక్ ఆమ్లంలో కణాలను పూర్తిగా కరిగించి, నీటితో పలుచన చేసి యంత్రానికి యిస్తారు. వచ్చిన అంకెను కణాల సంఖ్యతోనో మాంసకృత్తు బరువుతోనో భాగిస్తారు.

ఇవన్నీ చేస్తూనే పక్కన మరొక గొట్టంలో, కణాలు మాత్రం వేయకుండా, అదే ఆమ్లం, అదే కడుగు, అదే వేడి, అన్నీ యథావిధిగా జరుపుతారు. దానిని ఖాళీ నమూనా అనవచ్చును. అందులో కూడా జింకు కనిపిస్తే అది కణాలది కాదు, మనదే. అసలు అంకెలో నుంచి దానిని తీసివేయాలి. ఇంకొక గొట్టంలో జింకు యెంత వున్నదో ముందే నిశ్చయించి ముద్రవేసిన ఆవు కాలేయపు పొడి వంటి ప్రమాణ పదార్థాన్ని పెట్టి, యంత్రం సరిగా చెబుతున్నదో లేదో చూస్తారు. పచారీ కొట్టులో తక్కెడకు ముద్రరాయి యెట్లాగో యిది అట్లాగు.

ఈ మడి యెందుకింత ముఖ్యమో అమెరికాలో క్లెయిర్ పాటర్సన్ కథ చెబుతుంది. ఆయన 1950లలో రాళ్ళలోని సీసాన్ని కొలిచి భూమి వయస్సు సుమారు 455 కోట్ల సంవత్సరాలని తేల్చిన మహానుభావుడు. ఆ పనిలో ఆయనకు అడుగడుగునా అడ్డుపడినది బయటి సీసమే. గాలిలో, నీటిలో, చేతులమీద, ఆమ్లంలో యెక్కడ చూచినా సీసమే. గదినే కడిగి కడిగి, గాలిని వడపోసి పనిచేయవలసి వచ్చింది. అప్పుడాయనకు తోచింది: నా నమూనాలో యింత సీసం పడితే లోకంలో యెంత పడుతున్నట్టు? 1965లో ఆయన వ్రాసిన వ్యాసం, మనుషుల వొంట్లో సహజమని అనుకొంటున్న సీసం సహజం కాదనీ, పెట్రోలు మొదలైన వాటినుంచి మనం తెచ్చిపెట్టుకొన్నదనీ చెప్పింది. చాలామంది కాదన్నారు. చివరకు ఆయన మాటే నెగ్గింది. మన దేశంలో 2000 సంవత్సరం నుంచి సీసం కలిపిన పెట్రోలు పోయింది. 2021లో ఆల్జీరియా కూడా మానివేయడంతో కార్లకు ఆ పెట్రోలు పోసే దేశం లోకంలో లేకుండా పోయింది. గొట్టాలు శుభ్రంగా కడిగిన ఫలితం కోట్లమంది పిల్లల నెత్తుటిలో కనిపించింది.

ఇటువంటిదే మరొక సంగతి. మనిషి రక్తంలో క్రోమియం యింత అని వొకప్పుడు పుస్తకాలలో వ్రాసిన అంకెలు తరువాతి దశాబ్దాలలో వందల రెట్లు తగ్గిపోయాయి. మనుషుల రక్తం మారలేదు, ప్రయోగశాల మడి మారింది.

ఏలూరు నేర్పిన పాఠం

కొలత సరిగా వచ్చినా పని ముగియదు. 2020 డిసెంబరు మొదటి వారంలో ఏలూరు పట్టణంలో జనం వున్నట్టుండి మూర్ఛలు వచ్చి పడిపోసాగారు. పిల్లా పెద్దా అని లేదు. కొద్ది రోజులలో ఆరువందల మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. ఊరు ఊరంతా నీళ్ళు తాగడానికి భయపడింది. ఢిల్లీ ఎయిమ్స్ వారు రక్తపు నమూనాలు పరీక్షించి సీసము, నికెలు కనిపించాయన్నారు. మరునాటి పత్రికలన్నీ సీసాన్ని దోషిగా నిలబెట్టాయి. అయితే హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ తదితరుల పరీక్షలలో పురుగుమందుల అవశేషాలు బయటపడ్డాయి. ఆ నెల మధ్యకు వచ్చేసరికి నిపుణులు పురుగుమందులనే ముఖ్య కారణంగా భావించారు.

ఇందులో యెవరినీ తప్పుపట్టడం మా వుద్దేశం కాదు. రక్తంలో సీసం వుండడం వేరు, రోగానికి సీసమే కారణం కావడం వేరు. ఆరోగ్యంగా వున్న పక్కింటివారి రక్తంలోనూ అంతే సీసం వుంటే, ఆ అంకె యేమీ చెప్పదు. ఈ పోలిక యెంత ముఖ్యమో యేలూరు వల్ల తెలిసివచ్చింది. అందుకే పెంచిన కణాల అవసరం. ఇంత సీసం పోస్తే కణంలోకి యింత పోయింది, అప్పుడు యీ పని ఆగింది, సీసం లేని కణంలో ఆగలేదు అని పక్కపక్కన పెట్టి చూపగలిగితేనే దోషం రుజువు అవుతుంది.

ఇట్లా తెలిసిన సంగతులలో వొకటి మనకు చాలా దగ్గరిది. రక్తానికి యెరుపునిచ్చే పదార్థం తయారుకావడానికి వొంట్లో ఒక ఎంజైము పనిచేస్తుంది. ఆ ఎంజైముకు జింకు వుండాలి. సీసం వచ్చి ఆ జింకును నెట్టివేసి దాని పీట మీద తాను కూర్చుంటుంది. కూర్చుంటుందే గాని పని చేయదు. రక్తం తగ్గుతుంది. పైగా వొంట్లో యినుము తక్కువైన పిల్లలకు సీసం మరింత యెక్కువగా పడుతుంది. అంటే యెవరికి తిండి తక్కువో వారికే విషం యెక్కువ.

మంచి లోహాల మాట

సీసాన్ని తిట్టి వూరుకొంటే సగం కథే అవుతుంది. జింకు, యినుము, రాగి లేనిదే కణం బ్రతకదు. మన వొంట్లో సుమారు మూడువేల రకాల మాంసకృత్తులకు జింకు తోడు కావాలని అంచనా. అయినా 1960 దాకా మనిషికి జింకు తక్కువ కావచ్చునని వైద్యులు నమ్మలేదు. బీహారులో పుట్టిన ఆనంద ప్రసాద్ అనే వైద్యుడు ఇరానులో, ఈజిప్టులో యెదుగుదల ఆగిపోయిన యువకులను చూచి, 1961, 1963 సంవత్సరాలలో ఆ మాట పైకి తెచ్చాడు. వాల్ష్ పద్ధతితో రక్తంలో జింకును కొలిచే విధానాన్ని ఆయన బృందం 1965లో ప్రకటించింది. కొలత వచ్చిన తరువాత వాదన తగ్గింది. 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ కలిసి విరేచనాలు పట్టుకొన్న పిల్లలకు వుప్పు చక్కెర ద్రావణంతో పాటు పది పదునాలుగు రోజులు జింకు యివ్వవలెనని సలహా చెప్పాయి. ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజుకు 20 మిల్లీగ్రాములు, అంతకంటె చిన్నవారికి 10. నేడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో తల్లి చేతిలో పెట్టే ఆ చిన్న మాత్ర వెనుక యింత కథ వున్నది.

మన హైదరాబాదులోని పోషకాహార సంస్థ 1918లో కూనూరులో పుట్టి 1958లో హైదరాబాదు చేరింది. అక్కడి పరిశోధకులు పైన చెప్పిన కాకో-2 కణాలలో యినుము, జింకు కలిపి యిస్తే వొకదానికొకటి యెట్లా అడ్డుపడుతుందో పరిశీలించి 2009లో ప్రకటించారు. ఇది పండితుల వాదం కాదు. గర్భిణికి యినుము మాత్ర, బిడ్డకు జింకు మాత్ర, బియ్యంలో కలిపిన యినుము, యివన్నీ వొకే యింటికి వస్తున్న కాలమిది. ఏది యెప్పుడు యివ్వాలో కణాన్ని అడిగి తెలుసుకోవడం మంచిది గదా.

కణాలూ, మనుషులూ కూడా చెబుతున్న మరొక మాట మన వంటింటికి ఆనందం కలిగిస్తుంది. రాగులు, జొన్నలు, పప్పులలో ఫైటేటు అనే పదార్థం వుండి యినుమునూ జింకునూ పట్టి వుంచుతుంది, పేగుకు అందనివ్వదు. నానబెట్టినా, మొలకెత్తించినా, పిండి పులియబెట్టినా ఆ పట్టు సడలుతుంది. అంటే యిడ్లీ పిండి రాత్రంతా పులిసినప్పుడు, రాగిపిండి అంబలికి పులిసినప్పుడు లోహం విడుదల అవుతున్నది. తిండితో నిమ్మరసం చేరితే యినుము యింకా బాగా పడుతుంది. భోజనంతో కాఫీ, టీ తాగితే తగ్గుతుంది.

మనం చేయవలసినది

ఇంతా చదివిన తరువాత మన సోదరీమణులు అడిగే ప్రశ్న వొకటే: మా యింటి చెంబు సంగతి యేమిటి? చూపుతో చెప్పడానికి వీలులేదని పైననే మనవి చేశాము. కొనేటప్పుడు ఈయమని అడగక తగరమని, వెళ్ళీయమని విడమరచి అడగండి. ఎక్కడిదో తెలియని చెంబులో పులుసు కాచవద్దు, కాచినా అందులోనే నిలువ వుంచవద్దు. అనుమానం తీరాలంటే గుర్తింపు గల ప్రయోగశాలలో ఆ ఆమ్లపు పరీక్ష చేయించడమొక్కటే దారి. పసిపిల్లలున్న యింట్లో పరీక్ష లేని చెంబు కంటే స్టీలు గిన్నె మేలు. చారు రుచి కొంచెం తగ్గినా బిడ్డ చదువు తగ్గదు.

పరీక్ష కాగితం చేతికి వచ్చినప్పుడు అంకెను చూచి బెదరవద్దు, మురియవద్దు. మూడు ప్రశ్నలు అడగండి. మొదటిది, యిది యే కొలమానం? రక్తంలో సీసం డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములన్నా, లీటరుకు 50 మైక్రోగ్రాములన్నా వొకటే. 5 చూచి తేలికనీ, 50 చూచి ఘోరమనీ అనుకోరాదు. డెసిలీటరుకు 5 గాని అంతకు మించి గాని వుంటే సీసం యెక్కడి నుంచి వస్తున్నదో వెదకి ఆపవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సలహా యిచ్చింది. రెండవది, ఖాళీ నమూనా, ప్రమాణ పదార్థం పెట్టి చూచారా? మూడవది, దేనితో పోల్చి యెక్కువ అంటున్నారు?

తిరువళ్ళూరు, తిరుత్తణి కళాశాలలలో రసాయనశాస్త్రం చదువుతున్న మన పిల్లలు యీ విద్యను నేర్చుకోవాలని మా కోరిక. ఒక వీధిలోని యిరవై చెంబులు, యిరవై బావుల నీళ్ళు శ్రద్ధగా పరీక్షించి, యింటింటికీ వొక కాగితం యివ్వగలిగితే అంతకంటె పెద్ద సేవ యేమున్నది? అంకె యంత్రం యిస్తుంది. అది నిజమని చెప్పే ధైర్యం మాత్రం గొట్టం కడిగిన చేతికే వుంటుంది.